తాళం ఎవరు తీస్తారు

పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి
జోజిబాబు ఒక గీత గీశాడు.
ఈ కొసన గుంటూరు, ఆ కొసన బెజవాడ,
బెజవాడకి ఇవతల కృష్ణ, వంకరగా నీలం సిరా.
కావలి నుంచి వచ్చి పదకొండు రోజులు.
సామాను ఇంకా పిన్ని వాళ్ళ వసారాలో
కట్టిన తాళ్ళతోనే నిలబడి ఉంది.

ఆయనకి మిర్చి యార్డు దగ్గర
కోల్డ్ స్టోరేజీలో లెక్కలు,
ఎనిమిదింటికల్లా గేటులో సంతకం.
నాకు సూర్యారావుపేటలో ల్యాబు.
పరగడుపున వచ్చే మనుషులు ఎవరి కోసమూ ఆగరు,
ఆరున్నరకి సూది పట్టుకోవాలి.
పాపకి బస్సు పడదు.
మూడో స్టాపు దాటితే
చేతిలో నిమ్మకాయ కూడా కాపాడదు.

చింతగింజలు పెట్టి చూశాం,
జాకెట్టు దారంతో కొలిచాం.
గుంటూరులో ఉంటే నేను మూడున్నరకి లేవాలి.
పటమటలో ఉంటే ఆయన సగం ఆయుష్షు
వారధి మీద లారీల వెనకే.
"సగం దారిలో ఉందాం" అన్నాడు,
న్యాయమంటే సగమనుకునే మనిషి.
సగం దారంటే
ఇద్దరం పూర్తిగా అలిసిపోవడమని నేననలేదు.
పప్పులో ఉప్పు తక్కువైందన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక తిరుగుడు,
బండి మీద, పాప మధ్యలో.
తాడేపల్లిలో మూడో అంతస్తు,
నీళ్ళు మాత్రం రెండో అంతస్తు దాకానే.
ఉండవల్లిలో ఇల్లు బాగుంది,
అద్దె ఎంతో వినగానే జోజిబాబు
గోడల మీద చెమ్మ వెతకడం మొదలెట్టాడు.
నంబూరులో స్టేషను దగ్గరే,
రైలే దూరం.
కుంచనపల్లిలో గాలి, కిటికీ తీస్తే జామచెట్టు.
అంతా కుదిరాక ఇంటాయన ఎంతో మర్యాదగా
"ఇంతకీ మీరేమిట్లు?" అన్నాడు.
జామచెట్టు అక్కడే ఉండిపోయింది.

మంగళగిరిలో, మగ్గాల వీధి చివర,
మేం తలుపు తట్టగానే లోపల చప్పుడు ఆగింది.
గుంటలోంచి లేచి
కొంగుతో మెడ తుడుచుకుంటూ
తిరుపతమ్మ రెండు గదులు చూపించింది.
మా బతుకూ ఆ నాడె లాంటిదేనమ్మా,
అటూ ఇటూ, అనబోయి ఊరుకున్నాను.
నాడె పోయిన ప్రతిసారీ ఒక పోగు మిగులుస్తుంది.
మాకు మిగిలేవి టికెట్లు.

ఏం ఉద్యోగం, ఎంత జీతం, ఎవరి తాలూకు,
ఏదీ అడగలేదామె.
"సాయంత్రం ముందొచ్చేదెవరు?
తాళం ఎవరు తీస్తారు?"

జోజిబాబు నన్ను చూశాడు,
నేను చెప్పుల్ని చూసుకున్నాను.
పదకొండు రోజులు పోయే దారులే కొలిచాం.
నాలుగుంబావుకి బడి వదిలితే
తలుపు ముందు నిలబడే పదేళ్ళ మనిషి
మా గీత మీద ఎక్కడా లేదు.

"నేనే" అంది పాప,
అప్పటికే గడప మీద కూర్చుని.
తిరుపతమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది.
అడ్వాన్సు మా దగ్గర తీసుకుంది,
చెవి మాత్రం మాకివ్వలేదు.

ఇల్లు సగం దారిలో లేదు.
బెజవాడకి కాస్త దగ్గర, అయినా తెల్లారి
ప్యాసింజరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.
కాజ టోలుగేటు దగ్గర
జోజిబాబుకి రోజూ ఒకే లారీ అడ్డం.
వంటగది ఇద్దరు నిలబడితే మూసుకుపోతుంది.
బడి రెండు వీధుల అవతల,
పాప చెప్పుల అడుగులతో నాలుగొందల పన్నెండు.
తనే లెక్కపెట్టుకుంది, దారం లేకుండా.

ఏడింటికి నేను సందు మలుపు తిరిగేసరికి
లైటు వేసి ఉంటుంది.
మగ్గం పక్కన కూర్చుని ఎక్కాలు చదువుతూ
పాప నన్ను చూసీ చూడనట్టు
"ఈరోజు లేటు" అంటుంది, ఇంటి యజమానిలా.

గీత గీసిన కాగితాన్ని
పప్పు డబ్బాల కింద పరిచాను.
కృష్ణ మీద నూనె మరక పడింది.